దొరసాని కోళ్ళ పంపకం

జువ్వలదిన్నెలో గురవమ్మ చేతికి ఒక పేరుంది. ఆమె పొదగేసిన గుడ్డు మురగదనేవాళ్ళు. ఎప్పుడన్నా ఒకటి మురిగినా, చెవి దగ్గర పెట్టి ఆడించి, ఇది ఏ రోజున ఎందుకు పోయిందో చెప్పేది. ఇక పిల్లలు లేచాక ఏది పుంజు, ఏది పెట్ట అని ఊరంతా మూడో నెలదాకా వాదులాడుకుంటూ ఉంటే, ఆమె నెలా పదిరోజులకే తేల్చిపారేసేది. తేల్చిందంటే తేల్చిందే. ఆ మాట తప్పిందని అన్నవాళ్ళు ఆ చుట్టుపక్కల పల్లెల్లో లేరు.

అంత పేరున్న గురవమ్మకు తనదంటూ ఒక్క కోడి లేదు.

ఉండేవి. పద్నాలుగు ఉండేవి. నయాపైసలు కొత్తగా చేతుల్లోకి వచ్చిన ఏడాది, ఎండాకాలంలో కొక్కెర తెగులు వచ్చింది. సోమవారం ఒకటి మెడ వాల్చింది. ఆదివారానికల్లా గూడు ఊడ్చిపెట్టినట్టయింది. ఆ గూడును బూడిదతో కడిగి, సున్నం కొట్టి, గురవమ్మ మూడు నెలలు ఖాళీగా ఉంచింది. తర్వాత ఆ గూట్లోకి వచ్చినవన్నీ పాలుకు తెచ్చుకున్న కోళ్ళే.

పాలుకు అంటే కోడి ఒకరిది, మేతా కాపలా ఇంకొకరివి. పిల్లలు ఎదిగినాక చెరిసగం పంచుకుంటారు. కోడి ఎవరిదో వాళ్ళు ముందు ఒకటి కోరుకుంటారు, పెంచినవాళ్ళు తర్వాత ఒకటి, మళ్ళీ వాళ్ళు, మళ్ళీ వీళ్ళు. పిల్ల మీద చెయ్యి పడిందా, ఇక మార్పిళ్ళు లేవు. తాతలనాటి ఆచారం అది.

అట్లా నాలుగుసార్లు పెంచి ఇచ్చింది గురవమ్మ. ప్రతిసారీ జరిగింది ఒకటే. కోళ్ళవాళ్ళు వచ్చి గంప ముందు కూర్చుని, "ఏది పెట్టమే గురవమ్మా?" అని అడుగుతారు. అడిగిందే తడవు గురవమ్మ వేలు పెట్టి చూపిస్తుంది. వాళ్ళు పెట్టలు ఏరుకుని పోతారు. ఈమెకు పుంజులు మిగులుతాయి. పుంజు కూరకు పనికొస్తుంది గాని గూడు నింపుతుందా? ఎప్పుడన్నా ఒక పెట్ట మిగిలితే దాన్ని ఏ గద్దో, ఏ కూతురి పురుడో తీసుకుపోయేది.

"నీ కోళ్ళను తెగులు తిన్నది ఒకసారే. మిగతా అన్నిసార్లూ తినింది నీ నోరే" అనేవాడు మొగుడు మునెయ్య.

దారిన పోయేవాళ్ళు దిబ్బమీద మేస్తున్న కోళ్ళను చూసి "ఎవరివమ్మా ఇవి?" అనడం మామూలే. "బోగోలు వెంకటశేషమ్మగారివి" అని చెప్పాల్సి వచ్చేది. ఆ మాట చెప్పినప్పుడల్లా గురవమ్మకు గొంతులో నెత్తలి చేప ముల్లు అడ్డం పడినట్టుండేది. 'నావి' అని ఒక్కమాట అనుకోవాలి, పైకి అనాలి. ఆమెకున్న ఆశల్లా అదొక్కటే.

ఈ వెంకటశేషమ్మ బోగోలులో చెరువు కింద మాగాణి ఉన్న ఇంటి ఇల్లాలు. గురవమ్మ వారానికోసారి ఎండునెత్తళ్ళ గంప నెత్తిన పెట్టుకుని ఆ ఊరు పోయి, ఆమె వసారాలోనే దించి, మజ్జిగ తాగి వచ్చేది. వాళ్ళ ఇంటినుంచి బిట్రగుంట రైలు బంగళాలకు పాలు పోసేవాళ్ళు. అక్కడ ఇంజను నడిపే ఒక దొర, పెళ్ళాం బిడ్డలతో ఓడెక్కి సీమకు పోతూ, దొరసాని ముచ్చటపడి పెంచుకున్న కోళ్ళ జంటను వెంకటశేషమ్మకు ఇచ్చిపోయాడు.

అవి ఏం కోళ్ళు! పావురాయికి కొంచెం పెద్ద. బంగారు రంగు ఈక, ప్రతి ఈక అంచునా కాటుకపుల్లతో గీసినట్టు నల్లగీత. మనిషి దోసిట్లో పట్టేవి, నడక మాత్రం జమీందార్ల నడక. గురవమ్మ మొదటిసారి చూసిన రోజు మజ్జిగ తాగడం మరిచిపోయింది. ఆ జంటలో పుంజును చూసి పాలేర్లు నవ్వుకునేవాళ్ళు. ఎందుకంటే దానికి వంపు తోక లేదు, మెడమీద సూదిఈకలు లేవు. ఒంటినిండా పెట్ట ఈకే. కూసినప్పుడు గాని అది పుంజని తెలిసేది కాదు.

ఆ దొరసాని పెట్ట గుడ్లు పెట్టేదే గాని పొదుగుకు కూర్చునేది కాదు. అప్పటికి గురవమ్మ దగ్గర పాలుకు ఉన్న వెంకటశేషమ్మ నాటుకోడి ఒకటి పొదుగు మీద ఉంది. పది చిట్టిగుడ్లను తవుడులో పెట్టి ఆమె జువ్వలదిన్నెకు పంపింది. తొమ్మిది పిల్లలు లేచాయి. ఒకటి గద్ద పాలయింది. ఎనిమిది మిగిలాయి. ఆ సంతోషం చెప్పడానికి బోగోలు పోతే, అక్కడ ఏముంది? తెల్లవారుజామున ముంగిస దూరి దొరసాని కోళ్ళ జంటను రెంటినీ చంపిపోయిందట. వెంకటశేషమ్మ అన్నం మానేసి కూర్చుంది.

"ఇంక ఆ జాతికి మిగిలింది నీ దగ్గరుండే ఎనిమిదే గురవమ్మా. కళ్ళలో పెట్టుకోని చూడు" అంది.

గురవమ్మ అట్లాగే చూసింది. నూకలు నానబెట్టి, అందులో ఎండునెత్తళ్ళ పొడి కలిపి పెట్టింది. పిల్లలకు నెలా పదిరోజులు నిండేసరికి ఆమె లెక్క ఆమెకు తెలిసిపోయింది. అయిదు పుంజులు. మూడు పెట్టలు.

పిల్లలకు రెండున్నర నెలలు నిండినాక, వెంకటశేషమ్మ పంపకానికి వస్తానన్న రోజు పొద్దున, మునెయ్య వల బాగుచేసుకుంటూ పెళ్ళాన్ని పిలిచాడు.

"ఏమే, ఆ యమ్మ వస్తాది. ఏది పెట్ట అని అడుగుతాది. నువ్వేం చెప్తావు?"

"ఏది పెట్టో అది చెప్తా."

"అదే వొద్దనేది. తెలవదను."

"నాకా తెలవదు?" గురవమ్మ చేట కిందపెట్టింది. "సముద్రంలో ఏ పక్క చేప ఉండాదో తెలవదని నువ్వు చెప్పు ముందు, నలుగురిలో. అప్పుడు నేను చెప్తా."

"నేను రోజూ చెప్పేది అదేగదమే! అందుకేగదా ఉత్త వల తెచ్చేది!" అని మునెయ్య నవ్వి, మళ్ళీ గొంతు తగ్గించాడు. "మూడే పెట్టలంటివి. ఆ యమ్మ ముందు కోరుకుంటాది. నువ్వు చూపిస్తే రెండు పోతాయి, తర్వాత మూడోదానికీ గద్దొస్తాది. నోరు మూసుకోనుంటే నీ గూడు నిండుతాది. నీ ఇష్టం."

గురవమ్మ చేట మళ్ళీ చేతికి తీసుకుంది. గూడు వైపు చూసింది. సున్నం కొట్టిన గూడు. పద్నాలుగింటికి సరిపోయే గూడు.

బండి దిగింది వెంకటశేషమ్మ ఒక్కతే కాదు. వెంట తమ్ముడు కామాక్షయ్య ఉన్నాడు. కోట అనే ఊళ్ళో పందెంకోళ్ళ మనిషి అంటే అతనే. తెల్లపంచె, చెవిలో అత్తరు దూది, చంకలో చేతికర్ర. కోడిని చూసి దాని ముత్తాత పేరు చెబుతాడని అంటారు.

"ఇట్టాంటి జాతి చేతికొచ్చినప్పుడు తెలిసినోడు పక్కనుండాల. అందుకని వీణ్ణి పిలిపించినా" అంది వెంకటశేషమ్మ, చాప మీద కూర్చుంటూ.

"మంచిపని చేసినారమ్మా" అంది గురవమ్మ. గంప ఎత్తింది. ఎనిమిది పిల్లలూ ఇసకలోకి బిలబిలమని వచ్చాయి.

కామాక్షయ్య గొంతుక్కూర్చున్నాడు. ఒక్కొక్కదాన్ని పట్టుకుని, మెడ ఈకను ఊది విడదీసి, గుండ్రంగా ఉందా సూదిగా ఉందా అని చూశాడు. నడుము ఈక చూశాడు. తోక మొదలు చూశాడు. ఎనిమిదీ చూసి, చేతులు దులుపుకుని లేచాడు. మొహం వెలిగిపోతోంది.

"అక్కా, నీ అదృష్టం! ఎనిమిదీ పెట్టలే!"

వెంకటశేషమ్మ నోటిమీద చెయ్యేసుకుంది. మునెయ్య వల వెనకనుంచి పెళ్ళాం వైపు కళ్ళెర్రజేసి చూశాడు. ఇంతకంటే మంచి వరం దేవుడు కూడా ఇవ్వడు. ఊరుకుంటే చాలు.

గురవమ్మ ఊరుకోవాలనే అనుకుంది. పెదాలు బిగించింది. ఆకు వేసుకుందామని నడుములోని తిత్తి తీసింది, మళ్ళీ దోపుకుంది. ఎనిమిదీ పెట్టలట! తన కళ్ళముందు, తన గంప పక్కన, తన ఇసకలో నిలబడి అంటున్నాడు. అబద్ధాన్నయినా సహిస్తుందేమో గాని, కోడి విషయంలో తప్పును ఆమె సహించలేదు.

"కాదు సామీ" అంది. "అయిదు పుంజులు, మూడు పెట్టలు."

మునెయ్య తల వలలో దూర్చుకున్నాడు.

"ఏందీ?" కామాక్షయ్య నవ్వాడు. "మెడ ఈక చూసినావా నువ్వు? మూడు నెలలు దగ్గరపడిన పుంజుకు మెడ ఈక సూదిగా మొలవాల. జుట్టు మోసం చేస్తాది, కాలు మోసం చేస్తాది, ఈక మోసం చెయ్యదు. నలభైయేళ్ళుగా చూస్తుండా."

"నాటుకోడికి, పందెంకోడికి మీరు చెప్పింది వేదం. వీటికి కాదు. వీటి నాయన్ని చూళ్ళేదు మీరు. నేను చూసినా. ఎదిగిన పుంజయ్యుండీ మెడమీద సూదిఈక లేదు, తోకలో వంపు లేదు. నాయనకే లేనిది బిడ్డలకు ఏడనుంచి వస్తాది?"

"చచ్చిన కోడిని సాక్ష్యానికి పిలుస్తుండావే!"

బండి తోలేవాడితో సహా అందరూ నవ్వారు. వెంకటశేషమ్మ మాత్రం సగమే నవ్వింది. "అవున్రా, ఆ పుంజును చూసి మా పాలేర్లు పెట్టపుంజు అని నవ్వేవాళ్ళు" అంది.

"అది లోటు పుంజక్కా. మనుషుల్లో ఉండరా? దాన్ని పట్టుకోని జాతికంతా కట్టేస్తామా?"

"అయితే ఈకను వదిలేద్దాం సామీ" అంది గురవమ్మ. "గద్దను అడుగుదాం."

చేపలు ఎండేసే దిబ్బ మీద ఇరవయ్యేళ్ళు కర్ర పట్టుకుని గద్దల్ని తోలిన మనిషి ఆమె. పైన గద్దను చూస్తూ, కింద కోడిపిల్లల్ని చూస్తూ నేర్చుకున్న చదువు అది. చేట తీసుకుని, పిల్లల మీదుగా గాలిలోకి గిర్రున విసిరింది. ఇసక మీద నీడ సాగింది.

ఎనిమిది పిల్లలూ ఒక్కసారి గతుక్కుమన్నాయి. మూడు పిల్లలు ఉన్నచోటనే ఇసకకు అతుక్కుపోయి, రాయి అయిపోయాయి. అయిదు మాత్రం మెడ నిక్కించి, కాళ్ళు పాతుకుని నిలబడి, ఒక కన్ను ఆకాశానికి పెట్టి గొంతులో గరగరమన్నాయి.

"చూసినారా? నిలబడినవి పుంజులు, కూర్చున్నవి పెట్టలు. పుంజుకు మీసం రాకముందే పెద్దరికం వస్తాది" అంది గురవమ్మ.

కామాక్షయ్య కళ్ళు నిజంగానే మెరిశాయి. కానీ ఆ మెరుపు వేరు. బరిలో కోళ్ళను చూసీ చూసీ, నిలబడిన కోడి అంటేనే మంచి కోడి అని అతని కంటికి అలవాటయిపోయింది.

"చూసినానక్కా! ఆ అయిదూ ధైర్యమైనవి. ఆ మూడూ పిరికివి, రోగిష్టివి. కోరుకుంటే ఆ అయిదింట్లోనే కోరుకో. బలమైన పెట్ట కడుపునే బలమైన పిల్ల పుడతాది."

చెప్పాల్సింది చెప్పింది గురవమ్మ. చూపించాల్సింది చూపించింది. ఇక ఆమె బాధ్యత లేదు. ఆకు తీసి వేసుకుంది.

"కోరుకోండమ్మా" అంది.

వెంకటశేషమ్మ అన్నింట్లోకీ నిండుగా, ఎర్రజుట్టుతో దర్జాగా నిలబడిన పిల్లమీద చెయ్యేసింది. పుంజు. గురవమ్మ వంగి, ఇంకా ఇసకకు అతుక్కునే ఉన్న మూడింట్లో ఒకదాన్ని తీసి గూట్లో వేసింది. పెట్ట. వెంకటశేషమ్మ రెండోది. పుంజు. గురవమ్మ రెండోది. పెట్ట.

మూడోసారి వెంకటశేషమ్మ చెయ్యి గాలిలో ఆగింది.

ఆమె తెలివితక్కువ మనిషేం కాదు. నలుగురు కోడళ్ళను ఏలిన ఇల్లాలు. ఈ గురవమ్మ తడుముకోకుండా బక్కవాటినే ఎందుకు తీసుకుంటోంది? ఆమె చెయ్యి మెల్లగా పక్కకు జరిగి, మిగిలిన మూడో పెట్ట వీపు మీద, జానెడు ఎత్తున నిలిచింది.

"గురవమ్మా, నా కళ్ళలోకి చూసి చెప్పు. ఇది పెట్టేనా?"

గురవమ్మకు నోట్లోని ఆకు చేదయింది. ఆ మూడింట్లోనూ అందమైనది అదే. కాలిగోరు దగ్గర్నుంచి ఆమెకు తెలుసు. చలిగాలికి పొట్టదగ్గర కట్టుకుని బతికించిన పిల్ల అది. వలలోనుంచి మునెయ్య దగ్గాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

"పెట్టేనమ్మా" అంది గురవమ్మ. "మీరు ఇంతదాకా తీసుకున్న రెండూ పుంజులు. ఇది పెట్ట. తీసుకోండి."

వెంకటశేషమ్మ ఆమె మొహంలోకి చూసింది. చూసేకొద్దీ ఆమె కళ్ళు చిన్నవయ్యాయి.

"ఇది తీసుకోమని నువ్వే అంటుండావా?"

"అక్కా, అర్థం కాలేదా?" అన్నాడు కామాక్షయ్య. "నీకు రోగిష్టిదాన్ని అంటగట్టి, ఆ నిలబడిన మూడింట్లో రెంటిని తను మిగుల్చుకోవాలని. చేపలమ్మే నోరు అది!"

"ఊహూఁ" అని వెంకటశేషమ్మ తల పంకించింది. తీసుకోండి అని ఎవరన్నా తమ సొత్తును తామే చూపిస్తారా? ఆమె బతుకులో అట్లాంటి మనిషి తగల్లేదు. చెయ్యి చివాలున లాక్కుని, నిలబడినవాటిలో ఒకదాన్ని ఒడిసిపట్టుకుంది.

గురవమ్మ మూడో పెట్టను రెండు చేతుల్తో ఎత్తుకుంది. దాని గుండె ఆమె వేళ్ళకు తగిలి కొట్టుకుంటోంది. ఎవరి గుండె ఎక్కువ కొట్టుకుంటోందో చెప్పడం కష్టం.

నాలుగోసారి వెంకటశేషమ్మ ఇంకో పుంజు తీసుకుంది. ఆఖరున మిగిలిన పుంజు గురవమ్మ గూటికి వచ్చింది. బండి కదులుతుంటే, "మే గురవమ్మా, ఈకను చూడడం నేర్చుకోమే!" అని కామాక్షయ్య కేకేసి పోయాడు.

బండి కనుమరుగయ్యాక మునెయ్య వలలోనుంచి బయటికి వచ్చాడు.

"నిజం చెప్పి బాగుపడినోళ్ళను ఇన్నాళ్ళకు చూసినా. అదీ మన ఇంట్లోనే" అన్నాడు.

తర్వాత రెండు నెలలకు, నెత్తళ్ళ గంపతో బోగోలు పోతున్న గురవమ్మకు చెరువుకట్ట మీద ఉండగానే వినపడింది. పెద్దకోడి గొంతు కాదు. సన్నగా, పీపీ ఊదినట్టు. ఒకటి కూస్తే దాని మాట పడనీయకుండా రెండోది, ఆ వెంటనే మూడోది, నాలుగోది. వెంకటశేషమ్మ ఇంటి ప్రహరీ మీద నలుగురు అన్నదమ్ములు వరసగా నిలబడి ఊరిని లేపుతున్నారు. పొద్దెక్కి జాములు గడిచినా సరే, తాము కూయకపోతే తెల్లవారదన్నట్టు.

వసారాలో వెంకటశేషమ్మ పప్పు చెరుగుతోంది. తలెత్తలేదు.

"నవ్వుకో" అంది.

"నెత్తళ్ళు ఈసారి బాగుండాయమ్మా" అంది గురవమ్మ, గంప దించుతూ.

"నవ్వుకోమంటుండా గదా! మా తమ్ముడు మొన్న కోటనుంచి వచ్చి ఇంటో కాలు పెట్టేలోగా నాలుగూ ఒకేసారి కూసినాయి. కాళ్ళు కడుక్కోకుండానే తిరిగి బస్సెక్కినాడు."

అప్పుడు నవ్వింది గురవమ్మ. వెంకటశేషమ్మకూ ఆగలేదు. చేట పక్కనపెట్టి, ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నారు. మజ్జిగ వచ్చింది.

"నీ దగ్గర మూడూ గుడ్లకొచ్చినాయంటగా?"

"రెండు పెడుతుండాయి. మూడోది రేపో మాపో."

"ఒక పెట్టనియ్యి గురవమ్మా. దానికి రెండు పుంజులిస్తా. మూడిస్తా."

గురవమ్మ మజ్జిగ చివరిబొట్టుదాకా తాగి, చెంబు బోర్లించింది.

"పిల్లమీద చెయ్యి పడినాక మార్పిళ్ళు లేవమ్మా. మన ఆచారం."

వెంకటశేషమ్మ మొహం ముడుచుకుంది. "నువ్వు చెప్పినావు. నేనే నమ్మలా. దానికి ఇంత శిక్షా?"

"శిక్ష కాదమ్మా. మీ పుంజులు మీ దగ్గరే ఉండనియ్యండి, పనికొస్తాయి. పెట్టను ఇయ్యను గాని, పాలుకిస్తా. మేతా కాపలా మీవి. ముంగిస రాకుండా గూడు తలుపు మార్చాల. పిల్లలు ఎదిగినాక చెరిసగం. ముందు నేను కోరుకుంటా."

చెరువు కింద పదెకరాలున్న ఇల్లు. చేపలమ్మే మనిషి దగ్గర పాలుకు కోడి తెచ్చుకోవడమా? వెంకటశేషమ్మ ప్రహరీ మీది పుంజులను చూసింది. పెట్ట తోడు లేక, తమలో తాము పొడుచుకుంటూ ఈకలు రాల్చుకుంటున్నాయి.

"మేం పాలుకు తెచ్చుకోవడం ఈ ఇంట్లో ఎప్పుడూ లేదే" అంది.

"దొరసాని కోళ్ళు కూడా లేవుగదమ్మా ఇంతకుముందు" అంది గురవమ్మ. గంప ఎత్తుకుంది.

పదిహేను రోజులు కబురు లేదు. పదహారో రోజున బండి వచ్చింది. అందులో కొత్త గంప, గంపలో మెత్తని గడ్డి ఉన్నాయి. గురవమ్మ మూడు పెట్టల్లోనూ అందమైనదాన్ని, ఆ రోజు చెయ్యి ఆగిన దాన్నే, తన చేత్తో ఆ గంపలో కూర్చోబెట్టింది.

వారం తర్వాత ఆమె బోగోలు పోయేసరికి వసారాలో పక్కింటి పేరమ్మ కూర్చుని ఉంది. పెరట్లో బంగారురంగు పెట్ట ఒకటి, వెనక నాలుగు పుంజుల్ని వేసుకుని, జమీందారిణిలా నడుస్తోంది.

"ఎంత బాగుండాదమ్మా ఈ కోడి! ఎవరిది?" అంది పేరమ్మ.

వెంకటశేషమ్మ గడప దగ్గర నిలబడి ఉన్న గురవమ్మను చూసింది. ఒక్క క్షణం గొంతు సవరించుకుంది.

"జువ్వలదిన్నె గురవమ్మది" అంది. "మేం పాలుకు తెచ్చుకున్నాం."

గురవమ్మ గంప దించి, కొంగుతో మొహం తుడుచుకుని, లోపలికి కేకేసింది.

"మజ్జిగ తెండమ్మా! చానా దూరం నడిచి వచ్చినా!"